పాలాన్ ఎందుకు చనిపోయాడు?

కిందటి నెల మా పాత స్నేహితుడొకాయన ఇంటికి వెళ్ళాను. మనలాంటివాడే. దేవుణ్ణి నమ్మడు, కులం పట్టించుకోనంటాడు, పెళ్ళి కూడా ముహూర్తం చూడకుండా చేసుకున్నాడు. ముందురోజు రాత్రి టీవీలో 'ది హెల్ప్' సినిమా చూశాడట. నేను చెప్పులు విప్పుతుండగానే మొదలుపెట్టాడు.

"నల్లవాళ్ళు వండింది తింటారట, పిల్లల్ని వాళ్ళ చేతే పెంచిస్తారట, బాత్రూమ్ మాత్రం వాళ్ళకి వేరేగా బయట కట్టిస్తారట! నాగరిక దేశం అంటాం గానీ, ఎంత అన్యాయమండీ!"

ఈ మాట అంటుండగానే వాళ్ళ పనమ్మాయి టీ తెచ్చింది. మా ఇద్దరికీ పింగాణీ కప్పుల్లో. తను వంటగది గుమ్మం దగ్గర కింద కూచుని స్టీలు గ్లాసులో తాగింది. ఆ గ్లాసు మిగతా గిన్నెలతో కలవదు, కిటికీ దగ్గర విడిగా బోర్లించి ఉంటుంది. ఆ అపార్ట్‌మెంట్లో పనివాళ్ళు ఎక్కే లిఫ్టు కూడా వేరే. నేను ఏమీ అనలేదు. మర్యాద కోసం ఊరుకున్నానని అనుకోకండి. నాకూ ఒక కథ ఉంది, అది చివర్లో చెప్తాను.

ముందు ఆ సినిమా సంగతి. 1960ల నాటి మిసిసిపీ రాష్ట్రం, జాక్సన్ నగరం. తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసే నల్ల ఆడవాళ్ళ చేత ఒక తెల్ల అమ్మాయి వాళ్ళ అనుభవాలు చెప్పించి పుస్తకం వేస్తుంది. కేథరిన్ స్టాకెట్ రాసిన నవల 2009లో వచ్చింది, సినిమా 2011లో వచ్చింది. ఆక్టేవియా స్పెన్సర్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. ముఖ్యపాత్ర వేసిన వయోలా డేవిస్ మాత్రం 2018లో, ఆ సినిమాలో చివరికి వినిపించింది పనివాళ్ళ గొంతు కాదని, ఒప్పుకున్నందుకు బాధగా ఉందని చెప్పుకుంది. ఇంకో విషయం మనవాళ్ళలో చాలామందికి తెలియదు. రచయిత్రి అన్నదమ్ముడి ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఒక నల్ల ఆవిడ, తన పేరుని, పోలికల్ని అడక్కుండా నవలలో వాడుకున్నారని 2011లో దావా వేసింది. నిజానిజాల జోలికి పోకుండానే, ఏడాది గడువు దాటిపోయిందని జాక్సన్‌లోనే ఒక జడ్జి అదే సంవత్సరం ఆగస్టులో ఆ కేసు కొట్టేసింది. పనివాళ్ళ గొంతు వినిపించాలని తీసిన సినిమా హాళ్ళలో ఆడుతున్న రోజులవి.

కేసు కొట్టెయ్యడాన్ని బెంగాలీలో 'ఖారిజ్' అంటారు. ఉర్దూ కోర్టుల భాష తెలిసిన తెలంగాణ పెద్దవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. మృణాల్ సేన్ 1982లో తీసిన సినిమా పేరు అదే. నేను చెప్పాలనుకున్నది దాని గురించే.

మృణాల్ సేన్ మనకి పరాయివాడు కాదు. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథని 1977లో 'ఒక ఊరి కథ' పేరుతో తెలుగులోనే తీశాడు. మాటలు యండమూరి వీరేంద్రనాథ్ రాశారు. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. అందులో కోడలిగా వేసిన మమతా శంకర్ 'ఖారిజ్'లో ఇంటి ఇల్లాలు. అక్కడ పురుడు రాక చనిపోయే పేదరాలు, ఇక్కడ పనికుర్రాడు చనిపోతే ఏం చెయ్యాలో తెలియక బిక్కచచ్చిపోయే యజమానురాలు. 'ఖారిజ్'కి మూలం రామపద చౌధురి నవల. ఆయన పుట్టింది ఖరగ్‌పూర్‌లో, మన తెలుగువాళ్ళు వేలకి వేలు రైల్వే పనికి వెళ్ళి స్థిరపడిన ఊళ్ళో. నవల రాసినాయన, సినిమా తీసినాయన ఇద్దరూ 2018లోనే పోయారు.

కథ చాలా చిన్నది. కలకత్తాలో (2001 నించి కోల్‌కతా, నాకు నోరు తిరగదు) ఒక మధ్యతరగతి కుటుంబం. భర్త, భార్య, ఒక చిన్న కొడుకు. ఇంటిపనికి పాలాన్ అనే కుర్రాడిని పెట్టుకుంటారు. వాడు రోజూ మెట్ల కింద పడుకుంటాడు. ఒక రాత్రి చలి బాగా ఎక్కువై, వంటగదిలో పొయ్యి వెచ్చగా ఉంటుందని అక్కడికి చేరి లోపల గడియ పెట్టుకుంటాడు. తెల్లారి ఎంత పిలిచినా పలకడు. తలుపు పగలగొట్టి చూస్తే ప్రాణం లేదు. పోలీసులొస్తారు, పోస్టుమార్టం జరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ వల్ల చావు అని తేలుతుంది. వంటగదికి గాలి పోయే దారి లేదు.

సినిమా అంతా ఇక్కడి నించే. ఇంటాయన దుర్మార్గుడు కాదు. కుర్రాణ్ణి ఎప్పుడూ కొట్టలేదు, తిండి మాడ్చలేదు. పేపరు చదివే, నాలుగు మంచి మాటలు మాట్లాడే మనిషి. ఇప్పుడు ఆయన బాధంతా ఒకటే: తప్పు ఎవరి మీదకి వస్తుంది? వెంటిలేటర్ పెట్టనిది ఇంటి ఓనరు కదా? వాణ్ణి వంటగదిలో పడుకోమని మనం చెప్పలేదు కదా? లాయరు ఏమంటాడు? ఈలోగా పాలాన్ తండ్రి ఊరినించి వస్తాడు, ఎప్పటిలాగే కొడుకు జీతం తీసుకెళ్దామని. ఆయనకి ఏమీ తెలియదు.

దహనం అయ్యాక శ్మశానం నించి తండ్రీ, చుట్టుపక్కల ఇళ్ళ పనివాళ్ళూ తిరిగొస్తారు. ఆ గుంపు మెట్లెక్కుతుంటే మనకీ గుండె కొట్టుకుంటుంది. ఇప్పుడు కొడతారు, ఇప్పుడు పగిలిపోతుంది అనుకుంటాం. ఆ తండ్రి వచ్చి, వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళిపోతాడు. అంతే. 1983లో కాన్స్ చిత్రోత్సవంలో దీనికి జ్యూరీ బహుమతి ఇచ్చారు. మన దేశంలో రెండో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు ఇచ్చారు. నేను సినిమాల మేధావిని కాదు గానీ, ఆ తండ్రి చెంపమీద కొట్టి ఉంటే హాల్లో కూచున్న మాకు ఎంత హాయిగా ఉండేదో ఆ రాత్రే తెలిసింది.

ఇక గ్యాస్ సంగతి. ఇది మనకి బాగా పరిచయమున్న విషయం. ఆ రోజుల్లో కలకత్తాలో వంట అంటే బొగ్గుపొయ్యే. పాత ఇనప బకెట్‌కి లోపల మట్టి మెత్తి, అడుగున చువ్వలు వేసి చేసిన కుంపటి. దాన్ని 'ఉనున్' అంటారు. సాయంత్రం అయిదింటికి వీధివీధంతా ఉనున్లు బయటపెట్టి పిడకముక్కలతో, బొగ్గుతో రాజేసేవాళ్ళు. చలికాలం ఆ పొగ ఊరిమీద దుప్పటిలా పరుచుకుని కళ్ళు మండేవి. పొగంతా పోయి బొగ్గు ఎర్రగా అయ్యాక కుంపటి లోపలికి తెచ్చుకునేవాళ్ళు. పొగ లేదు కాబట్టి భయం లేదని అందరి నమ్మకం. అసలు ప్రమాదం అక్కడే ఉంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. గాలి చాలని చోట ఎర్రగా మెరిసే బొగ్గు దాన్ని నిశ్శబ్దంగా వదుల్తూనే ఉంటుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దీన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత మత్తు. నిద్రపోతున్నవాడికి ఆ తలనొప్పి కూడా తెలియదు.

మూఢనమ్మకాల మీద మాట్లాడేటప్పుడు ఈ గ్యాస్ నాకు చాలా ఉపయోగపడేది. 1921లో విల్మర్ అనే అమెరికన్ కంటివైద్యుడు ఒక దెయ్యాలకొంప గురించి రాశాడు. ఆ ఇంట్లో అడుగుల చప్పుళ్ళు, ఎవరో నిలబడ్డట్టు అనిపించడం, పిల్లలు పాలిపోవడం, కుండీల్లో మొక్కలు చావడం. చూస్తే ఇల్లు వెచ్చబెట్టే కొలిమి పాడైపోయి ఇంట్లోకి గ్యాస్ వదుల్తోంది. కొలిమి బాగుచేయించగానే దెయ్యాలు పోయాయి. ఈ కథ చెప్తే సభలో చప్పట్లు తప్పకుండా పడేవి. మూసిన గదిలో చావు? దెయ్యం కాదు, గ్యాస్. పాడుబడ్డ బావిలో దిగినవాడు చచ్చాడా? గంగమ్మ కోపం కాదు, గ్యాస్. అక్కడితో మన పని అయిపోయినట్టే అనుకునేవాణ్ణి.

'ఖారిజ్'లో పోలీసులు, డాక్టరు చేసింది సరిగ్గా ఇదే. చావుకి కారణం దొరికింది, ఫైలు మూసేశారు. మనం దెయ్యాన్ని పారదోలి చేతులు దులుపుకుంటాం, వాళ్ళు నేరాన్ని పారదోలి చేతులు దులుపుకున్నారు. రెండు చోట్లా పనికొచ్చింది ఒకే వాయువు.

ఇక్కడ జాన్ స్కాట్ హాల్డేన్‌ని తలుచుకోవాలి. ఈ గ్యాస్ మనిషిని ఎలా చంపుతుందో తేల్చడానికి తనే దాన్ని పీల్చి, తన రక్తం తనే పరీక్షించుకుని 1895లో అచ్చువేసిన శాస్త్రవేత్త. మరుసటేడు బ్రిటిష్ బొగ్గుగనుల్లో పేలుళ్ళ చావుల మీద రిపోర్టు రాశాడు. పేలుడు దెబ్బకి పోయినవాళ్ళకన్నా తర్వాత మిగిలిన గ్యాస్‌కి పోయినవాళ్ళే చాలా ఎక్కువని చూపించాడు. "కారణం గ్యాస్" అని అక్కడ ఆగలేదు. గనిలోకి దిగేటప్పుడు చిన్న జంతువుల్ని వెంట తీసుకెళ్ళండి, అవి ముందు పడిపోతాయి, మనుషులు తప్పించుకోవచ్చు అన్నాడు. గనుల్లో పిట్టల పంజరాలు అలా వచ్చాయి. ఆయన కొడుకే జె.బి.ఎస్. హాల్డేన్. చిన్నప్పుడు తండ్రి వెంట గనుల్లోకి దిగి గ్యాస్ పరీక్షల్లో సాయపడిన కుర్రాడు, పెద్దయ్యాక 1957లో కలకత్తా వచ్చి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. మనం గర్వంగా చెప్పుకునే మాట ఇది. దానితోపాటు ఆ తండ్రి పద్ధతిని కూడా చెప్పుకోవాలి. ఒక ఎందుకుకి జవాబు దొరికాక, ఆ జవాబు పక్కనే ఇంకో ఎందుకు అడిగాడు. గాలి ఎందుకు ఆడలేదు? వాడు అక్కడ ఎందుకు పడుకున్నాడు? మిగతా ముగ్గురూ పరుపుల మీద ఉంటే వాడికి వెచ్చదనం కావాలంటే వంటగదే ఎందుకయింది?

మెడికల్ రిపోర్టు చాటున నౌకరు చావు ఖారిజ్ కావడం 1982లో మొదలైంది కాదు. కలకత్తా రాజధానిగా ఉన్న కాలానికి వెళ్దాం. 1875లో ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు ప్లీడరు ఆదివారం చర్చికి బయల్దేరాడు. గుర్రబ్బండి దగ్గర సైసు కట్వారు సమయానికి లేడు. వచ్చాక తలమీద కొట్టి జుట్టు పట్టుకుని లాగాడు. కట్వారు కిందపడ్డాడు, లేచి పక్క ఆవరణలోకి వెళ్ళాడు, కాసేపటికే చనిపోయాడు. డాక్టరు రిపోర్టు: ప్లీహం పగిలింది. మలేరియా ఊళ్ళల్లో బీదవాళ్ళకి ప్లీహం ఉబ్బి ఉండటం మామూలే, చిన్న దెబ్బకే పగులుతుంది. కాబట్టి చంపింది దెబ్బ కాదు, వాడి జబ్బు! మేజిస్ట్రేటు ముప్పై రూపాయలు జరిమానా వేశాడు. అలహాబాద్ హైకోర్టు ఆ శిక్ష చాలదనలేదు. వైస్రాయ్ లిట్టన్ 1876లో ఈ తీర్పుని తప్పుపడితే, ఇక్కడి ఇంగ్లీషు పత్రికలు ఆయన మీద విరుచుకుపడ్డాయి. లిట్టన్ మనకి మిత్రుడేమీ కాదు, రెండేళ్ళకే దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం తెచ్చినవాడు. కానీ ఆ ఒక్క సంగతిలో ఆయనన్నది సరైనదే. ఆ తర్వాత కూడా దొరల చేతుల్లో దెబ్బలు తిని చచ్చిన పంకాకూలీలు, తోటకూలీల కేసుల్లో ఈ ఉబ్బిన ప్లీహం పదేపదే కనిపిస్తుంది.

రిపోర్టు అబద్ధం కాదు, అది గమనించాలి. ప్లీహం నిజంగానే పగిలింది. పాలాన్ రక్తంలో గ్యాస్ నిజంగానే ఉంది. సైన్సు అబద్ధం చెప్పలేదు, దాన్ని సగంలో ఆపించారు.

ఇంకో వందేళ్ళు వెనక్కి వెళ్తే విషయం మరీ దగ్గరికొస్తుంది. సర్ విలియం జోన్స్ పేరు వినే ఉంటారు. కలకత్తా సుప్రీంకోర్టు జడ్జి, 1784లో ఏషియాటిక్ సొసైటీ స్థాపకుడు, సంస్కృతానికీ గ్రీకు లాటిన్లకీ చుట్టరికం చెప్పిన పండితుడు. 1785లో గ్రాండ్ జ్యూరీ ముందు మాట్లాడుతూ, అమ్మకానికి పిల్లల్ని నింపుకుని పడవలు నదిమీద కలకత్తాకి వస్తున్నాయని, ఈ ఊళ్ళో బానిసపిల్ల లేని ఇల్లు దాదాపు లేదని బహిరంగంగా చెప్పాడు. దొంగిలించినవాళ్ళో, కరువులో పిడికెడు బియ్యానికి కొన్నవాళ్ళో. ధైర్యమైన మాటలే. అదే ప్రసంగంలో తన ఇంట్లోనూ అలాంటివాళ్ళు ఉన్నారని, వాళ్ళని చావునించి, దిక్కులేనితనం నించి కాపాడానని, తను మాత్రం నౌకర్లుగానే చూస్తానని చెప్పుకున్నాడు. నాకు ఈ జడ్జిగారు చాలా తెలిసిన మనిషిలా కనిపిస్తాడు. మన బంధువుల్లో ఎంతమంది అనలేదు, "మా దగ్గరకి రాకపోతే వాడు ఆకలితో చచ్చేవాడు, ఇంట్లో పిల్లాడిలాగే చూసుకుంటున్నాం" అని? 1789లో కారన్‌వాలిస్ బానిసల్ని ఓడలమీద బయటికి పంపడాన్ని నిషేధించాడు. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళ జోలికి చట్టం రావడానికి 1843 దాకా పట్టింది. అదైనా బానిసత్వాన్ని కోర్టులు గుర్తించవన్నది, అంతే.

స్వతంత్రం వచ్చాక కూడా చట్టం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. 'ఖారిజ్' వచ్చిన నాలుగేళ్ళకి, 1986లో, బాలకార్మికుల చట్టం చేశారు. బీడీలు, అగ్గిపెట్టెలు, తివాచీలు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి, ఇంటిపని లేదు. ఇంటిపని, హోటళ్ళ పని అందులో చేరింది 2006 అక్టోబరులో. ఇరవై ఏళ్ళు! చట్టాలు చేసేవాళ్ళ వంటగదుల్లో గిన్నెలు ఎవరు తోమేవాళ్ళో ఊహించుకోండి. పధ్నాలుగేళ్ళలోపు పిల్లల చేత ఇంకొకరింట్లో ఏ పనీ చేయించకూడదన్నది 2016 సవరణతో వచ్చింది. పెద్దవాళ్ళయిన ఇంటిపనివాళ్ళకి ప్రత్యేక చట్టం గురించి ఆలోచించమని సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది 2025 జనవరిలో.

'ది హెల్ప్'నీ, 'ఖారిజ్'నీ పక్కపక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటిదాంట్లో దుర్మార్గురాలైన తెల్లావిడ ఒకత్తె ఉంటుంది, ఆవిడకి బుద్ధి చెప్పి మనం సంతోషంగా ఇంటికి వెళ్తాం. చర్మం రంగుల తేడా ఉంది కాబట్టి ఎటువైపు నిలబడాలో సులువుగా తెలుస్తుంది. 'ఖారిజ్'లో రంగు ఒక్కటే, భాష ఒక్కటే. తలుపుకి అటు పరుపు, ఇటు బొగ్గుపొయ్యి. మా స్నేహితుడు ఆ సినిమా చూసి ఉంటే అంత ఉత్సాహంగా కథ చెప్పేవాడు కాదు.

ఇప్పుడు నా సంగతి.

1984 నించి కొన్నేళ్ళు ఉద్యోగం మీద కలకత్తాలో ఉన్నాం. భవానీపూర్‌లో రెండు గదుల వాటా. మా అమ్మాయి పుట్టినప్పుడు మా అత్తగారు పలాస వైపు నించి ఒక కుర్రాడిని తీసుకొచ్చారు. పదేళ్ళో పదకొండో. వాళ్ళమ్మ జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్ళేది, చేతులు జీడితో మచ్చలు పడి ఉండేవట. జీతం నెలకి నలభై రూపాయలు, తండ్రి పేర మనియార్డరు. అప్పటికే నేను నాస్తిక సభల్లో మాట్లాడుతున్నవాణ్ణి. వాణ్ణి మేం కొట్టలేదు. మేం తిన్నదే పెట్టాం. చివర్లో పెట్టాం.

రాత్రి వంటగదిలో పడుకోవాలంటే వాడికి భయం. "బాబూ, దెయ్యమొచ్చేత్తదండి" అనేవాడు. నేను వాణ్ణి కూచోబెట్టి, దెయ్యాలు లేవని, అవన్నీ మన భ్రమలని ఓపిగ్గా చెప్పాను. విల్మర్ డాక్టరు కథ కూడా చెప్పాను, నవ్వుకోకండి. నాలుగు రోజులకి వాడు ఒక్కడూ పడుకోవడం నేర్చుకున్నాడు. లోపల గడియ మాత్రం పెట్టుకునేవాడు. హేతువాదం పనిచేసిందని మా ఆవిడతో గొప్పగా చెప్పాను.

1985 జనవరిలో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు 'ఖారిజ్' వేస్తే ఆఫీసు మిత్రుడితో వెళ్ళాను. అయ్యేసరికి తొమ్మిదిన్నర. ట్రాములో ఇంటికి వస్తూ సినిమాలో ఆ వెంటిలేటర్ లేని గోడ గురించే ఆలోచిస్తున్నాను. మా వంటగదికి వెంటిలేటర్ ఉంది. పైన, గోడకి, జానెడు కన్నం. ఓనరు పెట్టించాడు. వారం క్రితం చలిగాలి వస్తోందని అందులో గోనెగుడ్డ కుక్కింది నేనే.

ఆ మిగిలిన రెండు స్టాపులూ ట్రాము ఎక్కడాగినా దిగి పరిగెత్తాలనిపించింది. ఇంటికొచ్చి వంటగది తలుపు బాదాను. రెండుసార్లు పలకలేదు. మూడోసారికి గడియ తీసిన చప్పుడైంది. వాడు కళ్ళు నులుముకుంటూ నిలబడ్డాడు. కుంపట్లో నిప్పు ఇంకా ఎర్రగానే ఉంది. స్టూలు ఎక్కి గోనెగుడ్డ లాగేశాను. వాడి చాప తెచ్చి ముందు గదిలో మా మంచం పక్కన వేశాను.

"ఏటి బాబూ, దెయ్యమొచ్చిందేటి?" అన్నాడు.

లేదురా, పడుకో అన్నాను. మా ఆవిడ ఏమైందని అడిగితే పొద్దున చెప్తానన్నాను.

పొద్దున్న అయిదింటికి వాడే లేచి, కుంపటి వీధిలోకి తీసుకెళ్ళి, ఎప్పటిలాగే రాజేశాడు. మా ఇంట్లో ఇంకో ఏడాదిన్నర ఉన్నాడు.